పీట్ మాస్ కొనాలా? విశాఖ మిద్దె తోటకి మట్టి మిశ్రమం గురించి

ఎంవీపీ మల్లెపందిరి
అందరికీ నమస్కారం. ఈసారి శీతాకాలం కూరలకి నారు డాబా మీద నేనే పోసుకుందామనుకుంటున్నాను. టమాటా, కాలీఫ్లవర్, క్యాప్సికం. యూట్యూబ్‌లో ఇంగ్లీషు వీడియో ఏది చూసినా "ఒక వంతు పీట్ మాస్" అంటున్నారు. ఆన్‌లైన్‌లో వెతికితే కెనడా సరుకు, లాత్వియా సరుకు అని చిన్న చిన్న సంచులు కనిపించాయి. ధర చూసి గుండె గుభేలుమంది. డబ్లిన్‌లో ఉన్న మా అమ్మాయిని అడిగితే "అమ్మా, ఇక్కడే అది వాడొద్దని గొడవ జరుగుతోంది, నువ్వు విశాఖలో కూర్చుని తెప్పించుకోవడమేంటి" అని నాకే క్లాసు పీకింది. ఎందుకు వద్దో చెప్పేలోపు మీటింగ్ ఉందని ఫోన్ పెట్టేసింది.

ఎందుకు వద్దో ఎవరైనా చెప్పండి. దాని బదులు మన ఊళ్ళో ఏం వాడాలో కూడా చెప్పండి. మా డాబాకీ సముద్రానికీ మధ్య అడ్డేమీ లేదు, ఉప్పుగాలి నేరుగా కొడుతుంది. ఆ సంగతి దృష్టిలో పెట్టుకుని చెబితే బాగుంటుంది.

గాజువాక గోంగూర
గోంగూర వేయండి మేడమ్. ఏ మాసూ అడగదు.

మొలక
అమ్మాయి చెప్పింది నిజమే మల్లెపందిరి గారూ. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

చలిదేశాల్లో వాన నీళ్ళు కదలకుండా నిలిచిపోయే చిత్తడి నేలలుంటాయి. వాటిలో స్ఫాగ్నం అనే నాచు పెరుగుతుంది. పైన పెరుగుతూ పోతుంటే కింద చచ్చిపోతూ ఉంటుంది. చచ్చిన భాగం నీళ్ళలో మునిగి ఉంటుంది కాబట్టి దానికి గాలి తగలదు. పైగా ఈ నాచు తన చుట్టూ ఉన్న నీళ్ళని పుల్లగా మార్చేస్తుంది. గాలి తగలని జాడీలో పులుపుతో ఊరిన ఆవకాయ పాడవనట్టే, అక్కడ చచ్చిన నాచు కూడా పూర్తిగా కుళ్ళదు. అలా పొరలు పొరలుగా పేరుకున్నదే పీట్. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే మీటరు మందం కావాలంటే దాదాపు వెయ్యేళ్ళు. 1950లో డెన్మార్క్‌లో పీట్ తవ్వుతున్న వాళ్ళకి ఒక మనిషి శవం దొరికింది. గడ్డం మొలకలు కూడా కనిపిస్తుంటే ఈమధ్య జరిగిన హత్య అనుకుని పోలీసులని పిలిచారు. తీరా చూస్తే ఆ మనిషి పోయి 2,000 ఏళ్ళు దాటింది.

ఇక వద్దనడానికి కారణం. ప్రపంచం మొత్తం మీద నేలలో పీట్ నేలలు 3 శాతం దాకా ఉంటాయి. కానీ భూమ్మీద ఉన్న అడవులన్నిటి చెట్లలో దాగిన కార్బన్ కన్నా వీటిలో దాగినదే ఎక్కువ. తోటలకి పీట్ తవ్వాలంటే ముందు కాలవలు తీసి ఆ నేలని ఎండబెట్టాలి. నీళ్ళు పోగానే గాలి చేరుతుంది. వేల ఏళ్ళుగా ఆగిన కుళ్ళు అప్పుడు మొదలై, కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. మీరు సంచి కొని కుండీలో పోసిన పీట్ కూడా కొన్నేళ్ళలో అలాగే పోతుంది. "మళ్ళీ పెరుగుతుంది కదా" అని అమ్మేవాళ్ళు అంటారు. పెరుగుతుంది, మన ముని మనవలకి మునిమనవలు పుట్టేసరికి ఓ జానెడు.

అన్నట్టు, బొగ్గు కావడానికి ముందు దశ కూడా ఇదే. మన పోర్టు పక్కన ఇళ్ళ మీద పడే నల్లదుమ్ము కోట్ల ఏళ్ళ కిందట ఎక్కడో ఇలాంటి చిత్తడి నేలే.

పెందుర్తి డాబా
అంతా బాగానే ఉంది మాస్టారూ, కానీ ఒక సందేహం. విశాఖలో పీట్ మాస్ కొనేవాళ్ళు ఎంతమంది? ఐర్లండ్ వాళ్ళు తరాల తరబడి పొయ్యిలో కాల్చుకున్నారు, కరెంటు కూడా తీసుకున్నారు. ఇప్పుడు మన మేడమ్ గారు చిన్న సంచి కొంటే ప్రపంచం మునిగిపోతుందా? నిజంగా పీట్ నేలల మీద అంత ప్రేమ ఉంటే ముందు వంటింట్లో పామాయిల్ ప్యాకెట్ చూడండి. ఇండోనేషియాలో పీట్ నేలల్ని ఎండగట్టి పామాయిల్ తోటలు వేశారు. ఆ నూనెని ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ దిగుమతి చేసుకునేది మనమే. మన మిర్చి బజ్జీ వల్ల పోయిన పీట్ ముందు, మన కుండీల వల్ల పోయే పీట్ ఎంత?

మొలక
డాబా గారి మాటలో బలం ఉంది, కాదనను. 1997లోనూ 2015లోనూ ఇండోనేషియాలో ఎండిన పీట్ నేలలు అంటుకుని నెలల తరబడి తగలబడ్డాయి. ఆ పొగ సింగపూర్, మలేసియాలని కూడా కమ్మేసింది. పీట్ నేల అంటుకుంటే మంట పైన కనిపించదు, అడుగున రగులుతూ పోతుంది. గట్టి వానలు పడేదాకా ఆరదు. లెక్కల్లో చూస్తే, పీట్ నేలలకి పెద్ద దెబ్బ వ్యవసాయం కోసం ఎండగట్టడం వల్లే. తోటల కోసం తవ్వేది అందులో చిన్న వాటా.

కానీ పామాయిల్ మానాలంటే బజ్జీల బండి దగ్గర్నుంచి బిస్కెట్ కంపెనీ దాకా అందరూ మారాలి. కుండీలో పీట్ మానడానికి ఎవరూ మారక్కర్లేదు. దాని పని చేసే సరుకు మన జిల్లాల్లోనే గుట్టలుగా పడి ఉంది. సులువుగా అయ్యే పని ముందు చేసుకోవడంలో తప్పేముంది?

నిర్వాహకురాలు
పామాయిల్ మీద వేరే చర్చ మొదలుపెట్టుకోండి దయచేసి. ఇక్కడ కుండీల సంగతే.

లీడ్స్‌లో ఉత్తరాంధ్ర
మాది నర్సీపట్నం దగ్గర, ఉండేది ఇంగ్లండ్‌లో. ఇక్కడి సంగతి చెబుతాను. ఇంటితోటల వాళ్ళు 2020కల్లా పీట్ మానేయాలని ప్రభుత్వం 2011లోనే లక్ష్యం పెట్టుకుంది. స్వచ్ఛందంగా మానేస్తారులే అనుకున్నారు, మానలేదు. 2024కల్లా ఇంటితోటలకి పీట్ అమ్మకం నిషేధిస్తామని 2022లో ప్రకటించారు. గడువు దాటిపోయింది, చట్టం మాత్రం రాలేదు. అయినా దుకాణాల్లో వరస మారింది. ఇప్పుడు సంచి మీద పీట్ లేదని పెద్దక్షరాలతో రాస్తున్నారు. కొన్ని సంచుల మీద "పీట్ తగ్గించాం" అని ఉంటుంది, దానికి మోసపోకూడదు. ఎంత తగ్గించారో అడగాలి.

మాకు కాస్త దూరంలో డాంకాస్టర్ వైపు థోర్న్, హాట్‌ఫీల్డ్ అని రెండు పెద్ద పీట్ మైదానాలున్నాయి. అక్కడ యంత్రాలతో గీకి గీకి నేలని నల్లటి ఎడారి చేశారు. 2000ల తొలినాళ్ళలో తవ్వకం ఆపించి జాతీయ సంరక్షణ ప్రాంతంగా కాపాడుతున్నారు. కాలవలకి అడ్డుకట్టలు వేసి నీళ్ళు నిలబెడుతున్నారు. నాచు మెల్లగా తిరిగి వస్తోంది. కింద పోయిన పొరలు మాత్రం మనం చూడగా రావు.

ఇంకో తమాషా. ఇక్కడ మా గార్డెన్ సెంటర్‌లో పీట్ లేని సంచి కొంటే అందులో ఉండేది చాలావరకు చెక్క పీచు, బెరడు, కొబ్బరి పొట్టు. ఆ పొట్టు ఇండియా నుంచో శ్రీలంక నుంచో ఓడెక్కి వస్తుంది. మీరేమో అక్కడ కెనడా నాచు కొంటామంటున్నారు!

ఎంవీపీ మల్లెపందిరి
అర్థమైంది, కొనను. ఇక రెండో సంగతి చెప్పండి. కోకోపీట్, అదే కొబ్బరి పొట్టు, వాడమంటారని తెలుసు. కానీ కోకోపీట్‌లో నారు పాలిపోయి ఎదగలేదని మా కింది వాటా వాళ్ళు అంటున్నారు.

సింహాచలం సంపంగి
అక్కా, దానికి రెండు కారణాలు ఉంటాయి. ఒకటి ఉప్పు, రెండోది ఆకలి.

కొబ్బరి డొక్కల్ని చాలాచోట్ల ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టి పీచు తీస్తారు. మామూలుగానే కొబ్బరి పొట్టులో సోడియం, పొటాషియం ఎక్కువ. కడగని పొట్టులో విత్తనం మొలుస్తుంది, తర్వాత ఆకుల అంచులు మాడతాయి. కొనేటప్పుడు సంచి మీద "కడిగినది" అనో "తక్కువ ఈసీ" (ఉప్పు తక్కువ అని) అనో ఉందేమో చూడండి. ఉన్నా సరే, ఒకసారి మీరే కడగండి. 5 కిలోల దిమ్మ నానితే 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది. బకెట్‌లో పట్టదు, పెద్ద టబ్బు కావాలి. నానిన పొట్టుని పాత చీరముక్కలో వేసి పిండి, మళ్ళీ మంచినీళ్ళలో కలిపి, మళ్ళీ పిండాలి. ఎంతవరకు అంటే, మంచినీళ్ళ పరీక్షకి వాడే పెన్ను లాంటి టీడీఎస్ మీటరు పెడితే పిండిన నీళ్ళకీ మీరు పోసిన నీళ్ళకీ పెద్ద తేడా రాకూడదు. కడగడానికి బోరు నీళ్ళు వాడకండి. బీచ్ వైపు బోర్లు అసలే ఉప్పన, ఉన్న ఉప్పు పోకపోగా కొత్తది చేరుతుంది. వానాకాలంలో డాబా మీద గోనెసంచిలో వేసి వాన కింద వదిలేస్తే సగం పని మేఘాలే చేస్తాయి.

ఇంకా గట్టిగా చేయాలంటే కడిగాక కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్ళలో ఒక రాత్రి ఉంచి మళ్ళీ కడగాలి. పొట్టుని పట్టుకుని ఉన్న సోడియాన్ని కాల్షియం తోసేసి ఆ చోట కూర్చుంటుంది. టమాటా కాయ అడుగున నల్లమచ్చ రావడం కూడా తగ్గుతుంది. ఆకుకూరలకి ఇంత అవసరం లేదు.

ఇక ఆకలి. కొబ్బరి పొట్టులో మొక్క తినడానికి ఏమీ ఉండదు. పైగా అది మెల్లగా కుళ్ళేటప్పుడు మనం వేసిన నత్రజనిని సూక్ష్మజీవులే లాగేసుకుంటాయి. అందుకే నారు పసుపు రంగుకి తిరుగుతుంది. నారుకి మూడు వంతులు కడిగిన పొట్టు, ఒక వంతు జల్లెడ పట్టిన వర్మీ కంపోస్ట్ కలపండి. రెండో జత ఆకులు వచ్చాక పల్చటి జీవామృతమో, వర్మీ కంపోస్ట్ నుంచి కారే వర్మీ వాష్ నీళ్ళో ఇవ్వండి. చాలు.

గాజువాక గోంగూర
సంపంగి గారూ, ఆ పిండిన నీళ్ళు టీ డికాషన్ రంగులో ఉంటాయి. డాబా సున్నం మీద పోస్తే మరకలు పడతాయి. ఇంట్లో తిట్లు తప్పవు.

సింహాచలం సంపంగి
అందుకే మురుగు తూము దగ్గరే కడగాలి తమ్ముడూ. మొక్కల పాదుల్లో మాత్రం పోయకండి.

మొలక
ఆ డికాషన్ నీళ్ళు పెద్ద ఎత్తున అయితే సమస్యే. కేరళ, తమిళనాడుల్లో పీచు తీశాక మిగిలిన పొట్టు ఏళ్ళ తరబడి దారుల పక్కన గుట్టలుగా పడి ఉండేది. వాన పడితే ఆ రంగునీళ్ళు బావుల్లోకి దిగేవి. ఎగుమతి గిరాకీ పెరిగాక గుట్టలు కరిగాయి. అది మంచిదే. కానీ కడగడానికి బోలెడు నీళ్ళు, కడిగిన నీళ్ళు మళ్ళీ భూమిలోకి. అందుకే తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఈ యూనిట్లని కాలుష్యం లేనివనే తెలుపు వర్గం నుంచి, ఓ మోస్తరు కాలుష్యం ఉన్నవనే నారింజ వర్గానికి మార్చింది. కోకోపీట్ మచ్చలేని సరుకు అనుకోకూడదు. పీట్ కన్నా చాలా మేలు, అంతవరకే.

నీళ్ళలో కడగడం తగ్గించే దారి ఇంకోటి ఉంది. కొబ్బరి పీచు వ్యవహారాలు చూసే కాయిర్ బోర్డు, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎప్పటినుంచో చెబుతున్నదే. కొబ్బరి పొట్టుని పొరలుగా పరిచి, మధ్యలో ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం, కాస్త యూరియా చల్లి, తడి ఆరకుండా చూస్తే నెల, నెలన్నరలో నల్లటి ఎరువవుతుంది. టన్ను పొట్టుకి 5 కిలోల యూరియా అని వాళ్ళ లెక్క. మొదట్లో కార్బన్, నత్రజనుల నిష్పత్తి 112కి 1 దాకా ఉండేది 24కి 1 దాకా దిగుతుంది. అంటే సంపంగి గారు చెప్పిన ఆకలి సమస్య చాలావరకు తీరిపోతుంది. రాజమండ్రిలో కాయిర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఉంది. కోనసీమ వైపు వెళ్ళేవాళ్ళుంటే ఒకసారి కనుక్కోవచ్చు.

సీతమ్మధార సన్నజాజి
ఆర్కే బీచ్‌లో బోండాల బండ్ల దగ్గర రోజూ అన్ని డొక్కలు పారేస్తారు కదా, అవి తెచ్చుకోవచ్చా?

సింహాచలం సంపంగి
తెచ్చుకోవచ్చు, పొట్టు కోసం కాదు. లేత బోండాం డొక్కలో పీచు ముదరదు. అందులోంచి పొట్టు చేత్తో రాదు, యంత్రం కావాలి. కత్తితో చిన్న ముక్కలు కొట్టి బాగా ఎండబెట్టి కుండీ అడుగున వేసుకోండి. తెచ్చిన రోజే కొట్టేయండి. బోర్లించకుండా డాబా మీద వదిలేస్తే వాన నీళ్ళు నిలిచి డెంగీ దోమలకి ఇల్లు కట్టించినట్టే. మా వీధిలో మలేరియా విభాగం వాళ్ళు వచ్చి ముందు చూసేది అవే.

కడియం కుర్రాడు
నమస్తే అండి. మాది కడియపులంక. వారానికోసారి మొక్కలతో విశాఖ వస్తాను. మా వైపు బంతి, చామంతి, గులాబీ, మామిడంట్లు అన్నీ గోదావరి జిగటమట్టి ముద్దతోనే వస్తాయి. అందులో పీట్ ఉండదు. కూరగాయ నారు పెంచే షేడ్‌నెట్‌ల వాళ్ళు 98 గుంతల ట్రేలలో కోకోపీటే వాడతారు. కాబట్టి విశాఖలో ఎవరైనా తెలియకుండా పీట్ కొంటున్నారంటే అది సంచిలో కాదండి, మొక్క వేళ్ళ దగ్గర.

పై దేశాల నుంచి టిష్యూ కల్చర్‌గా వచ్చే ఆంథూరియం, కొన్ని ఇండోర్ మొక్కలు, పండగ సీజన్‌లో అమ్మే ఎర్రాకుల పోయిన్‌సెట్టియా లాంటివి చిన్న ప్లగ్‌లో ఉంటాయి. పల్చటి వలగుడ్డ చుట్టిన బిళ్ళ చూసి ఉంటారు. దాంట్లో పీట్ ఉండొచ్చు, కొబ్బరి పొట్టయినా ఉండొచ్చు. రెండు రకాలూ తయారవుతాయి. కొబ్బరి పొట్టు ఇటుకరంగులో గరుకుగా, పొట్టి పీచులతో ఉంటుంది. పీట్ ముదురు గోధుమ నుంచి నలుపు, మెత్తగా, నాచు పోగులతో ఉంటుంది. అసలు తేడా ఎండాక తెలుస్తుంది. ఎండిన కోకోపీట్ మీద నీళ్ళు పోస్తే పీల్చుకుంటుంది. బాగా ఎండిన పీట్ ముడుచుకుపోయి నీళ్ళు లోపలికి రానివ్వదు, అంచుల వెంట జారి కింద తొట్టిలోకి పోతాయి. మే నెలలో "రోజూ నీళ్ళు పోస్తున్నా చచ్చిపోయింది" అని మొక్క తిరిగి తెచ్చేవాళ్ళకి చాలాసార్లు ఇదే కారణం. వేళ్ళు మధ్యలో పొడిగానే ఉంటాయి. అలాంటి మొక్క కొనగానే ఆ ప్లగ్‌ని నీళ్ళలో ముంచి నానబెట్టి, మెల్లగా విడదీసి, మన మిశ్రమంలోకి మార్చుకోండి.

పెందుర్తి డాబా
ఇది పనికొచ్చే మాట తమ్ముడూ. మా ఆవిడ తెచ్చిన ఆంథూరియం రహస్యం ఇప్పుడు తెలిసింది.

ఈగలమొక్క
నా కష్టం ఎవరికి చెప్పుకోవాలి. నేను పెంచేవి పురుగుల్ని తినే మొక్కలు. వీనస్ ఫ్లైట్రాప్, కూజా మొక్కలు (పిచర్ ప్లాంట్లు). పీట్ లేకపోతే బతకవని అన్ని పుస్తకాలూ అంటున్నాయి. వర్మీ కంపోస్ట్ వేస్తే చచ్చిపోతాయి.

మొలక
వాటికి బలం పనికిరాదు, నిజమే. బలం లేని పుల్లటి నేలలోనే పుట్టాయి కాబట్టే పురుగులు తిని బతకడం నేర్చుకున్నాయి. కానీ వాటికి కావలసింది పీట్ కాదు, ఉప్పూ ఎరువూ లేని తడి. బాగా కడిగిన కోకోపీట్‌లో ముతక ఇసుక గానీ పెర్లైట్ గానీ కలిపి చూడండి. సముద్రపు ఇసుక మాత్రం వద్దు. కుళాయి నీళ్ళు పోయకండి, వాననీళ్ళు గానీ ఏసీ నుంచి కారే నీళ్ళు గానీ పోయండి. కూజా మొక్కలు కొబ్బరి డొక్క ముక్కల్లో బాగానే వస్తాయి. మన తూర్పు కనుమల్లోనే నీళ్ళు ఊరే ఇసుక నేలల్లో డ్రోసెరా బర్మానీ, డ్రోసెరా ఇండికా అనే పురుగుల్ని తినే మొక్కలు సహజంగా మొలుస్తాయి. అక్కడ పీట్ ఎక్కడిది? చూడ్డానికి వెళ్ళండి, పీక్కు రాకండి.

ఇక ఆర్కిడ్లకి వాడే ఎండిన స్ఫాగ్నం నాచు వేరే సంగతి. అది పైనున్న నాచు, పీట్ అడుగున పేరుకున్నది. పైనాచు కోసినా కొన్నేళ్ళకి తిరిగి వచ్చే అవకాశం ఉంది. అయినా విశాఖ గాలిలో ఉన్న తేమకి వాండాకీ డెండ్రోబియంకీ నాచు పెడితే వేళ్ళు కుళ్ళుతాయి. బొగ్గు, పెంకుముక్కలు, డొక్కముక్కలు చాలు.

అనకాపల్లి బెల్లం
అందరూ కొబ్బరి కొబ్బరి అంటున్నారు, మా చెరకుని మర్చిపోతే ఎలా. బెల్లం వండే గానుగల దగ్గర పిప్పి అంతా పొయ్యిలోకే పోతుంది కాబట్టి అది దొరకదు. చక్కెర ఫ్యాక్టరీల్లో రసం శుభ్రం చేసేటప్పుడు మిగిలే మడ్డి, ప్రెస్ మడ్ అంటారు, అది మంచి ఎరువు. పచ్చిది తెచ్చి కుండీలో వేయకండి, వేడెక్కి వేళ్ళని ఉడకబెట్టేస్తుంది, వాసన కూడా భరించలేరు. గెత్తంతో కలిపి నీడలో కుప్ప పోసి, రెండు మూడు నెలలు తిరగేస్తూ ఉంటే నల్లగా మట్టివాసన వస్తుంది. అప్పుడు వాడండి.

బియ్యం మిల్లుల దగ్గర దొరికే నల్లటి ఊక బూడిద కూడా కలుపుతారు. మిశ్రమం గుల్లగా ఉంటుంది, కానీ క్షారం ఎక్కువ. పదో వంతు దాటనివ్వకండి.

భీమిలి గాలి
ఇప్పటిదాకా ఎవరూ అడగనిది నేను అడుగుతాను. అందరి మిశ్రమంలోనూ "ఒక వంతు ఎర్రమట్టి" ఉంటుంది కదా. ఆ ఎర్రమట్టి ఎక్కడి నుంచి వస్తోంది?

మా ఇంటి నుంచి కాస్త దూరంలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. సముద్రం వెనక్కీ ముందుకీ జరిగిన కాలంలో గాలీ వానా కలిసి వేల ఏళ్ళపాటు పేర్చిన దిబ్బలు. జియలాజికల్ సర్వే వాళ్ళు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా చేరాయి. ఇన్ని గుర్తింపులు ఉన్నా చుట్టుపక్కల తవ్వకాల మీద గొడవలు ఆగలేదు. అక్కడే కాదు, ఆనందపురం వైపు కొండలు కూడా ఏటేటా తరుగుతూ కనిపిస్తున్నాయి. మొన్న మా పక్కింటివాళ్ళు డాబా తోటకి ట్రాక్టరు మట్టి తోలించారు. "ఎక్కడిది బాబూ" అని అడిగితే "మంచి మట్టమ్మా, అనుమానం లేదు" అన్నాడు, ఊరి పేరు చెప్పలేదు. లాత్వియా పీట్ గురించి ఇంత బాధపడుతున్నాం, మన గుమ్మం ముందు సంగతి వదిలేస్తే ఎలా అని.

పెందుర్తి డాబా
భీమిలి గారూ, రియల్ ఎస్టేట్ వెంచర్లకి పోయే మట్టి ముందు కుండీల మట్టి ఎంత? నేను మళ్ళీ అదే అంటున్నానని తిట్టుకోకండి.

భీమిలి గాలి
తిట్టుకోను బాబాయ్. మీ మాటకి మాస్టారు ముందే జవాబు చెప్పారు. మానడం సులువైతే మానేయడమే. డాబా తోటకి అసలు అంత మట్టి ఎందుకు? ఒక ఘనపు అడుగు తడిమట్టి 50 కిలోల దాకా తూగుతుంది. శ్లాబు మీద ఆ బరువు పెట్టి మళ్ళీ ఇంజినీరుని పిలవడం ఎందుకు?

నేను చేసేది చెబుతాను. పాత కుండీ మట్టి పారేయను. ఎండాకాలంలో పంట తీసేశాక ఆ మట్టిని తడిపి, నల్ల ప్లాస్టిక్ పట్టా కాదు, పల్చటి పారదర్శకమైన పట్టా కప్పి, అంచులు మూసి నెలన్నర మే ఎండలో వదిలేస్తాను. పురుగు గుడ్లూ తెగులూ చాలావరకు పోతాయి. తర్వాత జల్లించి వేర్లు తీసి, మూడో వంతు గెత్తం గానీ ఆకు ఎరువు గానీ, గుప్పెడు వేపపిండి కలుపుతాను. కొత్త కుండీలు పెంచితే తప్ప కొత్త మట్టి అవసరమే రాదు. ఎవరైనా ఇల్లు కట్టుకోవడానికి పునాది తవ్వుతుంటే అడిగి రెండు బస్తాలు తెచ్చుకుంటాను. అది ఎలాగూ ఎక్కడో పారబోసేదే.

సీతమ్మధార సన్నజాజి
ఆకు ఎరువుకి ఏ ఆకులు? మా వీధంతా బాదం చెట్లు, రావి చెట్లు. పొద్దున్నే ఊడ్చి తగలబెడుతుంటారు, ఆ పొగకి దగ్గు.

భీమిలి గాలి
రావి, వేప, కానుగ ఆకులు తొందరగా కుళ్ళుతాయి. బాదం ఆకు మందం, నలిపి ముక్కలు చేస్తే తప్ప నెలలు పడుతుంది. సరుగుడు రాలు ఇంకా మొండి, దాన్ని కుళ్ళబెట్టే ప్రయత్నం మానేసి కుండీ పైన కప్పుకోండి. ఎండకి తడి ఆరిపోదు. ఆకుల్ని ఎరువుల సంచిలో కుక్కి, నీళ్ళు చల్లి, పేడనీళ్ళు ఒక చెంబు పోసి, సంచికి అక్కడక్కడా చిల్లులు పెట్టి మూల పడేయండి. వానాకాలం మొదట్లో పెడితే సంక్రాంతికి తయారు. పీట్ చేసే పని, అంటే తడి పట్టుకుని గుల్లగా ఉండడం, దీనికన్నా బాగా మరేదీ చేయదని నా అభిప్రాయం. పైగా రూపాయి ఖర్చు లేదు. ఊడ్చేవాళ్ళతో ముందు రోజే మాట్లాడుకోండి, సంతోషంగా మీ గేటు దగ్గర పోసి వెళ్తారు.

ఎంవీపీ మల్లెపందిరి
ఉప్పుగాలి సంగతి అందరూ దాటేశారు!

సింహాచలం సంపంగి
అయ్యో, అవునక్కా. సముద్రం వైపు పిట్టగోడకి షేడ్‌నెట్ నిలువుగా కట్టండి. గోడలా గట్టిగా కాకుండా గాలి కాస్త జల్లెడ పడేలా ఉండాలి, లేకపోతే తుఫాను గాలికి కర్రలతో సహా ఎగిరిపోతుంది. హుద్‌హుద్ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ వరసలో గోంగూర, బచ్చలి, మునగ లాంటి మొండివి పెట్టి, టమాటా, క్యాప్సికం లోపలి వైపుకి జరపండి. గాలి బాగా కొట్టిన రోజు సాయంత్రం ఆకుల మీద మంచినీళ్ళు చిలకరించండి. నెలకోసారి కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా నీళ్ళు పోస్తే పేరుకున్న ఉప్పు దిగిపోతుంది. అందుకే మిశ్రమం గుల్లగా ఉండాలి, అడుగున చిల్లులు పూడిపోకూడదు.

గాజువాక గోంగూర
చూశారా, చివరికి గోంగూర దగ్గరికే వచ్చారు.

ఎంవీపీ మల్లెపందిరి
ఒప్పుకున్నాను బాబూ, ఒక తొట్టి గోంగూర ఖాయం. కడియం తమ్ముడూ, ఈ ఏడాదికి సగం నారు నేను పోస్తాను, మిగతా సగం నీ దగ్గర కొంటాను. కోకోపీట్ ట్రేలో పెంచినది తేగలవా? వలగుడ్డ బిళ్ళలవి వద్దు.

కడియం కుర్రాడు
తెస్తానండి. కాలీఫ్లవర్, టమాటా ట్రే మొత్తం తీసుకుంటే రేటు తగ్గుతుంది. ఒకరికి 98 మొక్కలు ఎక్కువైతే నలుగురు పంచుకోండి. వచ్చే ఆదివారం పొద్దున్న ఎంవీపీ రైతుబజార్ దగ్గర బండి ఆపుతాను. ఖాళీ ట్రేలు తిరిగి ఇచ్చేయాలండి, మళ్ళీ వాడతాం.

సీతమ్మధార సన్నజాజి
కాలీఫ్లవర్‌లో నాకు పావు ట్రే.

పెందుర్తి డాబా
టమాటా సగం నాకు. ఆంథూరియం కూడా పట్టుకొస్తాను తమ్ముడూ, ఆ ప్లగ్ ఎలా విడదీయాలో చూపిద్దువు గాని.

ఈగలమొక్క
నారు నాకొద్దు. ఎవరింట్లోనైనా ఏసీ నీళ్ళు వృథాగా పోతుంటే చెప్పండి, క్యాన్ తెచ్చుకుంటాను.